ఏసుదానం గదిలో ఆకుపచ్చ దీపం

బోధన్
12 అక్టోబరు 2003

శారక్కకు తమ్ముడు జయరాజ్ వందనాలు.

క్షేమంగా చేరాను. బస్టాండు వెనక గల్లీలో గది దొరికింది. కింద బియ్యం దుకాణం, పైన నేను. నువ్వు కట్టిచ్చిన సజ్జ రొట్టెలు మూడు పూటలు వచ్చాయి. ఇంటామె మరాఠీ కలిపి మాట్లాడుతుంది. నేను తల ఊపితే చాలు, టీ ఇస్తుంది.

"స్విచ్ పెట్టడానికి హైదరాబాదు నుంచి మనిషి పోవాలా? మా ఆస్పత్రిలో మేస్త్రీ నిమిషంలో పెడతాడు" అని నవ్వావు కదా. ఇది లైటు స్విచ్ కాదక్కా. ఫ్యాక్టరీలో ఒక్కో యంత్రం దగ్గర ఒక్కో మీటరు ఉంటుంది. చెరకు రసం ఎంత వేడెక్కింది, తొట్టి ఎంత నిండింది, ఆవిరి ఎంత ఉంది, ఇదంతా ఇంతకు ముందు మనిషి దగ్గరికి పోయి చూసేవాడు. ఇప్పుడు ఆ లెక్కలన్నీ తీగల మీద ఒకే గదికి పోతాయి. అక్కడ కూర్చున్నవాడు తెర మీద చూస్తాడు. ఎవరి వార్త ఎటు పోవాలో విడదీసి పంపే ఇనుప పెట్టెలే ఈ స్విచ్‌లు. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసినట్టు. ప్రతి యంత్రానికీ ఇంటి నంబరు లాంటిది ఒకటి ఇవ్వాలి. ఇద్దరికి ఒకే నంబరు పడితే ఇద్దరూ మూగబోతారు. పెట్టెలు బిగించడం రెండు పూటల పని. వాటికి బుద్ధి చెప్పడమే నెలల పని.

చెరకు ఆడడం మొదలయ్యేలోపు ముగించాలి. నీ మోకాళ్లకు నూనె రాసుకో. పోయినసారి నేను ఫోన్ చేస్తే ఆస్పత్రి ఆఫీసులో నిలబడి "హలో" అని ఏడ్చావు. అందుకే ఉత్తరమే మేలు.

నీ జయరాజ్


డిచ్‌పల్లి
17 అక్టోబరు 2003

తమ్ముడు జయరాజ్‌కు, అక్క దీవెనలు. ప్రభువు నిన్ను కాచుగాక.

ఉత్తరం అందింది. పెట్టెల సంగతి సగం అర్థమైంది. మిగతా సగం నువ్వు వచ్చినప్పుడు చెప్పు. నూనె రాసుకుంటున్నాను. ఆస్పత్రి వంటింట్లో పని ఎప్పటిలాగే ఉంది. పోయిన ఆదివారం గుడిలో ప్రమీలమ్మ పాట ఎత్తుకుంటే గొంతు పట్టేసింది, నేను అందుకున్నాను. పాస్టరమ్మ గారికి సాయం చేశానని నా మీద నాకే ముచ్చటేసింది.

నువ్వు బోధన్ అని రాశావు. ఫ్యాక్టరీ అని రాశావు. ఏ ఫ్యాక్టరీయో రాయలేదు. చిన్నప్పుడు హాస్టలు నుంచి రాసేటప్పుడు కూడా అంతే, జ్వరం వచ్చిన వారం వాతావరణం గురించి రాసేవాడివి.

ఒక్కటి అడుగుతాను. రసం కాచే చోటు పక్కన, మూడు మెట్లెక్కితే ఒక చిన్న గది ఉందా? ఒక దిక్కు గాజు కిటికీ ఉంటుంది. మీ బావ అందులోనే కూర్చునేవాడు. ఉంటే ఉందని రాయి. లేకుంటే ఇక ఈ మాట ఎత్తను.

ఆరేళ్లయింది, నేను ఆ తొవ్వన బస్సెక్కలేదు. నీకు తెలుసు, ఉడుకు రసం పైపు పగిలిన రోజు ఆయన్ను తెల్లబట్టలో చుట్టి తెచ్చారు. "చూడకు శారమ్మా" అని నలుగురూ నన్ను పట్టుకున్నారు. అందరూ మనిషిని మట్టి చేస్తారు. నేను ఒక బట్టను మట్టి చేశాను. ఆయన వెళ్లాడని నా తలకు తెలుసు. కానీ పొద్దున షిఫ్టు వేళ అయ్యేసరికి నా చెయ్యి ఇంకా ఆయన అన్నం డబ్బా మూత వెతుకుతుంది.

శారక్క


బోధన్
2 నవంబరు 2003

అక్కా,

ఆ ఫ్యాక్టరీయే. నీకు చెప్పకుండా ముగించుకొని రావాలనుకున్నాను. యజమానులు మారారు, గేటు మారింది, పేరు కూడా మారింది. గది మాత్రం అట్లాగే ఉంది. మూడు మెట్లు, గాజు కిటికీ. బావ కుర్చీ ఉంది. ఎవరూ కూర్చోరు. తాళం ఎర్రన్న దగ్గర ఉంటుంది, బావతో పని చేసిన ఎర్రన్నే. నన్ను చూసి మొదట గుర్తుపట్టలేదు. తర్వాత పట్టుకొని, "ఏసుదానం అన్న బామ్మర్దివా? గింత పొట్ట పెంచినవేందిర!" అన్నాడు. మళ్లీ వెంటనే "సారూ" అన్నాడు. నాకే సిగ్గేసింది.

నాకు ఆ గది తప్పలేదు. తొట్ల మీటర్ల తీగలన్నీ అక్కడికే వస్తాయి. గోడకు ఉన్న పాత బోర్డు విప్పేసి, ఇనుప పట్టీ బిగించి దాని మీద ఒక చిన్న స్విచ్ ఎక్కించాను. తీగలు గుచ్చడానికి ఎనిమిది తొర్రలు. ఏ తొర్రలో వార్త నడుస్తుందో దాని దగ్గర ఆకుపచ్చ దీపం మిణుకుతుంది. పాత బోర్డు మీద ఒక ఆకుపచ్చ బల్బు ఉండేది, అదీ తీసేశాను. ఎర్రన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"బల్బు సుత పీకుతవా సారూ?"

"ఏ యంత్రానికీ కలపలేదన్నా. పనికిరాదు."

"పనికిరాదా... సరె తియ్. నీ డబ్బాలకు లగ్గం జేస్తున్నవ్ గద, పసుపు తీగలు గట్టి. మా పాత సామాన్లెందుకు."

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ బల్బు అడిగి తీసుకొని రుమాల్లో కట్టుకున్నాడు.

బాయిలరుకు కొబ్బరికాయ కొట్టారు. వచ్చే వారం చెరకు బండ్లు వస్తాయి. పెట్టెలన్నిటినీ గుండ్రంగా ఒకదానికొకటి కలిపాను. ఒక దిక్కు తీగ తెగినా వార్త రెండో దిక్కున తిరిగి పోతుంది. మేనేజరు సంతోషించాడు.

గది బాగుందక్కా. ఎవరో రోజూ ఊడుస్తున్నారు.

జయరాజ్


డిచ్‌పల్లి
28 నవంబరు 2003

తమ్మీ,

నీ దగ్గర నుంచి మూడు వారాలుగా ఉత్తరం లేదు. ఎందుకు లేదో నిన్న తెలిసింది.

ఎర్రన్న భార్య భీమవ్వ చెయ్యి మీద మచ్చ చూపించుకోవడానికి మా ఆస్పత్రికి వచ్చింది. వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. కొంతసేపు చెరకు గురించి మాట్లాడింది. తర్వాత గొంతు తగ్గించి, "అక్కా, మీ ఆయన వస్తున్నడట గద" అంది.

గ్లాసు కింద పెట్టి, ఎక్కడికని అడిగాను.

"తెర మీద అంకెలు నిలబడిపోతున్నయట. యంత్రాలు తిరుగుతనే ఉంటయట, అంకెలు మాత్రం కదలయట. జరసేపటికి ఎవరూ ముట్టకుండనే మళ్ల నడుస్తయట. గాయన గదిల డబ్బా పెట్టినప్పటి సంది గిట్లనే. అందరు అంటున్నరు."

నిజమా? నిజమైతే నాకు రాయాల్సింది నువ్వు కదా. భీమవ్వ ఎందుకు చెప్పాలి?

పొద్దున షిఫ్టు మొదట్లోనే అవుతుందని ఆమె అంది. నువ్వు చిన్నవాడివి, నీకు తెలియదు. ఆయన షిఫ్టు ఎక్కగానే ఆ బల్బు వేసి, కుర్చీలో కూర్చొని ప్రార్థన చేసేవాడు. "అప్పటిదాకా నన్నెవరూ పిలవరు, బల్బు చూసి ఆగుతారు" అని నాతో చెప్పాడు. ప్రార్థన అయ్యాక బల్బు ఆర్పి పని మొదలుపెట్టేవాడు.

జయరాజ్, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. చనిపోయినవారు ప్రభువు దగ్గర నిద్రిస్తున్నారని నేర్చుకున్నాను. అయినా అడుగుతున్నాను. నువ్వు దాన్ని వెతకొద్దు. ఆ గదిని కదిలించొద్దు. క్రిస్మస్ కాగానే నేనే వస్తాను. ఆ వేళకు ఆ కుర్చీ పక్కన కూర్చుంటాను. ఆయన ముఖం నాకు చూపలేదు. ఏదైనా చెప్పడానికి వస్తుంటే నా ముందర చెప్పనీ.

ఇప్పటిదాకా నిన్ను ఏమీ అడగలేదు.

అక్క


బోధన్
4 డిసెంబరు 2003

అక్కా,

నిజమే. రాయడానికి చెయ్యి రాలేదు.

మొదటిసారి నేను తెరల గదిలోనే ఉన్నాను. తొట్టి సగం నిండినట్టు అంకె ఉంది. చూస్తుండగానే అన్ని అంకెలూ ఒకేసారి నిలిచిపోయాయి. బయట చెరకు మోసే పట్టా నడుస్తోంది, గానుగలు తిరుగుతున్నాయి, చక్రాల చప్పుడు వస్తోంది. తెర మాత్రం ఫోటో లాగ ఉంది. ఉరికి పెట్టెల దగ్గరికి పోయాను. ప్రతి పెట్టె మీద ప్రతి దీపం ఒక్కసారే పిచ్చిగా కొట్టుకుంటోంది. ఇన్నేళ్ల పనిలో నేను అది చూడలేదు. ఏదో ఒకటి వాటన్నిటిలోంచీ ఒకేసారి అరుస్తున్నట్టు ఉంది. నేను స్క్రూడ్రైవరు తీసేలోపే ఆగిపోయింది. అంకెలు నడిచాయి. ఏమీ కానట్టు.

ఒక వారం రోజూ అవుతుంది. తర్వాత వారాలు ఏమీ ఉండదు. నేను నంబర్లన్నీ తిరిగి చూశాను, ఎవరికీ రెండోది పడలేదు. తీగలు మార్చాను. పెట్టెలు ఆపి మళ్లీ మొదటి నుంచి నేర్పాను. కంపెనీకి ఫోన్ చేస్తే నన్నే తిట్టారు.

కుర్రాళ్లు కాదు, పెద్దవాళ్లే ఆ గది ముందర చెప్పులు విడుస్తున్నారు. తెర ముందు కూర్చునే రాజారాం అనే ఆయన, ఇద్దరు పిల్లల తండ్రి, మంచి హాస్యగాడు. అంకెలు ఆగగానే, "ఏసుదానం అన్నా, జర తొందరగ ముగియ్, పై సార్లు నా జీతం ఆపుతరు" అంటాడు. అందరూ నవ్వుతారు. నవ్వి కిటికీ దిక్కు చూడకుండా తల తిప్పుకుంటారు.

నేనూ అటు పోలేదు. ఆ గది తప్ప అన్నీ వెతికాను. నీ ఉత్తరం రాకముందు భయంతో పోలేదు. ఇప్పుడు నీ మాటతో పోను. క్రిస్మస్ దాకానే. ఆ తర్వాత నన్ను ఆపొద్దు.

జయరాజ్


డిచ్‌పల్లి
13 డిసెంబరు 2003

నా తమ్ముడికి,

నీ మేలు మరువను.

ఆయనకు ఇష్టమైన నీలం అంచు చీర తీసి ఎండకు వేశాను. పెట్టెలో మడత మీద చిరిగింది, రఫు చేశాను. క్రిస్మస్ మరునాడు పొద్దున బస్సెక్కుతాను. ఆ కుర్చీ ఒకసారి తుడిపించు. అరిసెలు చేస్తున్నాను, ఎర్రన్నకూ రాజారాం పిల్లలకూ కూడా. రాజారాం మాటకు నాకు కోపం రాలేదు. ఆయన ఉంటే పడీ పడీ నవ్వేవాడు.

నీకు తప్ప ఎవరికీ చెప్పని మాట. ఈ మధ్య వంటింట్లో ఆయనతో మాట్లాడుతున్నాను. పప్పు ఉడికిందా చూడు అంటున్నాను. ప్రమీలమ్మ విని, "శారమ్మా, మోకరించినప్పుడు ఎవరి కోసం ఎదురుచూస్తున్నవు?" అని అడిగింది. మెల్లగా, తిట్టినట్టు కాకుండా అడిగింది. ఆమె అడిగే ముందు క్షణం నేను ప్రభువు కోసం ఎదురుచూడడం లేదు.

అయినా వస్తాను. చలి ఎక్కువైంది, మఫ్లరు కట్టుకో.

అక్క


నిజామాబాద్
20 డిసెంబరు 2003

అక్కా,

రావద్దు. ముందు ఇది చదువు.

ఈ ఉత్తరం దవాఖాన బెంచీ మీద కూర్చొని రాస్తున్నాను. రాజారాం లోపల ఉన్నాడు. కుడి చెయ్యీ మెడా కాలాయి. బతుకుతాడన్నారు, చేతి సంగతి ఇంకా చెప్పలేమన్నారు.

మొన్న పొద్దున అంకెలు మళ్లీ నిలిచాయి. తొట్టి సగమే అని తెర చెబుతోంది. లోపల రసం నిండుతూనే ఉంది. ఏదో తేడా ఉందనిపించి రాజారాం కంటితో చూద్దామని తొట్టి దగ్గరికి పోయాడు. అప్పుడే పొంగింది.

అతన్ని బండి ఎక్కించాక కూడా అంకెలు కదలలేదు, ఇక నేను ఆగలేదక్కా. నీ మాట దాటి ఆ గదికి పోయాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. తోశాను.

ఎర్రన్న ఉన్నాడు. లోపల ఆ కుర్చీ ముందు కింద కూర్చొని కళ్లు మూసుకున్నాడు. గోడ మీద నా చిన్న స్విచ్ దీపాలు పిచ్చిగా కొట్టుకుంటున్నాయి. యంత్రాల చప్పుడులో బయట కేకలు అతనికి వినపడలేదు. బావ చేసే ప్రార్థనే చెబుతున్నాడు. బొట్టు పెట్టుకున్న ఎర్రన్న, మన గుడి గడప ఎక్కని ఎర్రన్న: "ప్రభువా, ఈ చేతులు నీవి, ఈ మంట నీది. నా మనుషులందరిని ఇంటికి పంపు."

పెట్టెలను నా లాప్‌టాపుకు కలుపుకోవడానికి ఆ స్విచ్‌కు ఒక తీగ తగిలించి, రెండో కొస అట్లాగే వేలాడదీసి వదిలేశాను. ఆ కొస ఇప్పుడు అదే స్విచ్‌లో, ఖాళీ తొర్రలో ఉంది. ఒకే తీగ రెండు కొసలూ ఒకే పెట్టెలో. అట్లా పెడితే పెట్టె పంపిన మాట పెట్టెకే తిరిగి వస్తుంది, మళ్లీ పంపుతుంది, మళ్లీ వస్తుంది. ఒక మాట లక్ష మాటలై దారులన్నీ నిండిపోతాయి. ఎవరి వార్తా ఎవరికీ చేరదు. నేను తీగ పీకాను. ఫ్యాక్టరీ అంతా నెమ్మదించింది.

"ఏమాయె సారూ?" అని కళ్లు తెరిచాడు.

"ఎర్రన్నా, ఇది ఎవరు పెట్టమన్నారు?"

"మీ అక్కనే."

"మా అక్కా?"

"మట్టి ఏసేటప్పుడు నా చెయ్యి పట్టుకొని చెప్పింది. 'ఆయన ప్రార్థన ఆగనియ్యకు ఎర్రన్నా' అన్నది. నా డ్యూటీ పొద్దుటిది పడ్డప్పుడల్ల బల్బు ఏసి చెప్తున్న. అయినంక ఆర్పేస్త. ఆరేండ్లాయె, తప్పలే. నువ్వు బల్బు పీకినవ్. దీపం లేకుంటె గది ఎట్ల? గీ తీగ ఎలాడుతుంటె ఖాళీ తొర్రల పెట్టిన. పచ్చగ ఎలిగింది. ప్రార్థన అయినంక పీకేస్త. అన్ననే సూపిచ్చిండనుకున్న."

అంకెలు ఆగేది తన వల్లనని అతనికి తెలియదు. అంకెలు ఆగే వేళకు అతను ఎప్పుడూ ఈ గదిలోనే ఉన్నాడు. అందరూ ఏసుదానం వచ్చాడంటుంటే, తన ప్రార్థన చేరిందనుకొని మురిసిపోయి, ఆ పొద్దున ఎప్పటికన్నా ఎక్కువసేపు కూర్చున్నాడు. రాజారాం సంగతి చెప్పాను. తన రెండు చేతులూ చూసుకున్నాడు.

తప్పు ఎవరిదో పేరు రాసిమ్మని మేనేజరు అడిగాడు. నా పేరు రాసిచ్చాను. తీగ వదిలింది నేను. తీగ ఇట్లా తన పెట్టెలోకే తిరిగి వస్తే ఆ ఒక్క తొర్రనే మూసేసే అమరిక ఒకటి ఉంటుంది, సీజను తొందరలో ఆ చివరి పెట్టెలకు అది పెట్టకుండా వదిలింది నేను. వెతకాల్సిన చోట వెతకనిదీ నేనే. నీ మీద తప్పు పెట్టడం లేదక్కా. ఇప్పుడు అన్నిటికీ ఆ కాపలా పెట్టాను. ఆ తీగ పెట్టి పెట్టి చూశాను. తొర్ర మూసుకుంటోంది, మిగతావి నడుస్తున్నాయి.

నువ్వు చెబితే ఆ బల్బు మళ్లీ గోడకు పెడతాను, విడిగా, దేనికీ అడ్డం రాకుండా. ఇంకొకటి. ప్రతి స్విచ్‌కూ ఒక పేరు టైపు చేయాలి, అది తెర మీద కనబడుతుంది. ఆ గదిలో ఉన్నదానికి 'ఏసుదానం' అని పెట్టనా? పెట్టె పని చేస్తున్నంతసేపు పేరు పక్కన ఆకుపచ్చ చుక్క ఉంటుంది. నీకు ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది అదొక్కటే.

జయరాజ్


డిచ్‌పల్లి
29 డిసెంబరు 2003

తమ్ముడు జయరాజ్‌కు,

నీ ఉత్తరం గుడి అలంకరించే రోజు వచ్చింది. రంగు కాగితాల మధ్య కూర్చొని చదివాను. పండుగ గడిచింది. నేను బోధన్ బస్సు ఎక్కలేదు. నిజామాబాద్ బస్సు ఎక్కి దవాఖానకు పోయాను. నువ్వు అప్పటికే ఫ్యాక్టరీకి వెళ్లావట.

రాజారాం భార్య నన్ను ఎవరో అనుకొని స్టూలు వేసింది. పేరు చెప్పగానే లేచి నిలబడింది. నేను వచ్చింది మొక్కించుకోవడానికి కాదమ్మా అని కూర్చోబెట్టాను. పిల్లలు అరిసెలు తిన్నారు. రాజారాం మెడ నిండా పట్టీలు. ముఖం మీద మాత్రం ఏ బట్టా లేదు. చాలాసేపు ఆ ముఖమే చూశాను తమ్మీ. పగిలిన పెదవులు, పెరిగిన గడ్డం, నిద్ర లేని కళ్లు. అంత కాలిన మనిషి కూడా ముఖం చూపించగలడని నాకు తెలియలేదు.

"అక్కా, మీ ఆయనకు చెప్పు, నేను తొందర పెట్టిన గని గింత తొందర కాదు" అన్నాడు. నవ్వబోయి నొప్పితో ఆగాడు. నేను అక్కడ ఏడ్చాను. ఆరేళ్లకు ఆయన కోసం ఏడ్చాను.

ఎర్రన్న వరండాలో గోడకు ఆనుకొని ఉన్నాడు. వారం రోజులుగా రోజూ వస్తున్నాడట, లోపలికి మాత్రం పోవడం లేదట. నన్ను చూసి తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అక్కా, నువ్వు చెప్పినవనే చేసిన."

"నేను చెప్పిన సంగతి నాకు యాది లేదు ఎర్రన్నా" అన్నాను. అబద్ధం కాదు. మట్టి వేసిన రోజు నాకేమీ యాది లేదు. నేను మర్చిపోయిన మాటను ఆరేళ్లు ఒక మనిషి మోశాడు. నేనేమో ఆయన వస్తున్నాడని చీర ఎండేసుకున్నాను. వచ్చింది ఎర్రన్న. రోజూ నా కోసం వచ్చింది ఎర్రన్న.

"ఇగ దీపం వద్దు. గదిల కూసోకు. ఆ మాట నోటికొచ్చింది గద, నడుస్తనే చెప్పు. 'నా మనుషులందరిని ఇంటికి పంపు' అంటున్నవ్ గద, గా లోపల మంచం మీద ఉన్నోడు ఇంటికి పోవాలె. ముందు పోయి ఆయన ముఖం చూడు" అన్నాను. చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయాను. రాజారాం కళ్లతోనే స్టూలు చూపించాడు.

నువ్వు అడిగినవాటికి జవాబు. బల్బు పెట్టొద్దు. ఎర్రన్న రుమాల్లో ఉన్నది అతన్నే ఉంచుకోమన్నాను. గది తాళం తీయించు. కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చని చెప్పు. టీ తాగనీ, చెప్పులతో రానీ. ఆ కిటికీ లోంచి తొట్టి కంటికి కనబడుతుందని ఆయన అనేవాడు. అద్దం తుడిస్తే ఇప్పుడూ కనబడుతుంది.

పేరు మాత్రం వద్దు జయరాజ్. నీ ప్రేమ నాకు తెలుసు. కానీ యంత్రం ఏనాటికైనా చెడిపోతుంది. ఆ రోజు చుక్క ఎర్రగా అవుతుంది. అప్పుడు ఒకరు లేచి, "ఏసుదానం పోయిండు" అని అరుస్తూ ఉరుకుతారు. ఆ అరుపు నేను ఒకసారి మా గల్లీలో, మా తలుపు ముందర విన్నాను. ఇంకొక ఆడదాని భర్త ఆ మాట అరవొద్దు.

పొద్దున షిఫ్టు వేళ అయింది. నా చెయ్యి డబ్బా మూత కోసం పోయింది. ఇవాళ ఆ డబ్బాలో అన్నం పెట్టాను. రాజారాం భార్య తినకుండా కూర్చుంటుంది, బస్సుకు ఇచ్చి పంపుతున్నాను.

పెట్టెకు ఏదో ఒక నంబరు పెట్టు. ఆయన పేరు నా దగ్గర ఉండనీ.

నీ అక్క
శారమ్మ